గుర్రాన్ని కాచిన చేతులు: దక్షిణాఫ్రికాలో అశ్వపోషణ చరిత్ర

మహాభారతంలో పాండవులు అజ్ఞాతవాసానికి విరాటరాజు కొలువులో చేరినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పని ఎన్నుకున్నారు. మాద్రి కుమారుడైన నకులుడు ఎన్నుకున్న పని గుర్రాల సంరక్షణ. తిక్కన సోమయాజి తెలుగు భారతంలో ఆయనకు దామగ్రంథి అని పేరు. గుర్రాలకు వచ్చే తెవుళ్ళు ఏవో, వాటిని మాన్పడం ఎట్లాగో, పొగరుబోతు గుర్రాన్ని మాలిమి చేసే ఉపాయమేమిటో తనకు తెలుసునని చెప్పుకొని ఆ రాజకుమారుడు లాయంలో కుదురుకున్నాడు. నలమహారాజు కథలోనూ అంతే. రాజ్యం పోగొట్టుకున్న నలునికి అన్నం పెట్టినది అశ్వహృదయం తెలిసి ఉండడమే. గుర్రాన్ని కాచే పని చిన్న పని కాదని మన పూర్వులు ఎరుగుదురు.

కాని చరిత్ర పుస్తకాలు గుర్రం ఎక్కిన వారి పేర్లు చెబుతవే గాని, గుర్రాన్ని కాచిన వారి పేర్లు చెప్పవు. దాణా పెట్టినదెవరు, మాలీసు చేసినదెవరు, లాడం కొట్టినదెవరు, ఈనే గుర్రం పక్కన రాత్రంతా మేల్కొని కూర్చున్నదెవరు? ఈ దేశానికి ఓడలలో వచ్చిన మన తాత ముత్తాతలలో కొందరు ఆ పనులే చేసినవారు కనుక, ఆ చరిత్రను ఒకసారి తలచుకోవడం ఈ సంచికకు తగునని నమ్ముతున్నాను.

తీరంలో దిగిన గుర్రాలు

గుర్రం మన తెలుగునాట సమృద్ధిగా పెరిగే జంతువు కాదు. మంచి గుర్రాలన్నీ అరేబియా, పారసీక దేశాలనుండి సముద్రం మీద రావలసినవే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, పాండ్యుల తీరంలో ఏటా వేల గుర్రాలు దిగుతాయని, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగలవని వ్రాశాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు. గుర్రాన్ని ఎట్లా చూసుకోవాలో అక్కడివారికి తెలియదు. వండిన అన్నం, మాంసం పెట్టేవారట. అమ్మే వర్తకులు గుర్రపు వైద్యులను, లాడాలు కొట్టేవారిని తమతో తీసుకొని రారు. గుర్రాలు చచ్చిన కొద్దీ మరల కొనక తప్పదు గదా!

విజయనగర కాలానికి ఈ బేరం రాజ్యానికి ప్రాణం వంటిదైంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు వంటి సరకులు తెచ్చే వర్తకులను ఆదరించాలని హితవు చెప్పాడు. 1530ల ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ఒక చిత్రమైన సంగతి వ్రాశాడు. సాళువ నరసింహరాయలు బ్రతికిన గుర్రాలకే కాక చచ్చిన వాటికి కూడా వెల ఇచ్చేవాడట. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ముట్టేది. శత్రువులకు గుర్రం దక్కకూడదు, వర్తకుడు తన రేవు విడిచిపోకూడదు. అందుకే ఆ ఉదారత.

అయితే మనవారు కొనడంతోనే ఆగలేదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృతంలో అశ్వశాస్త్రాలు ఉన్నవి. ఆ పరంపరలోనే తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం అనే పద్యగ్రంథం వ్రాశాడు. శాస్త్రం పండితుల చేతిలో ఉంటే, దాన్ని ఆచరించే నేర్పు సాయిసుల చేతిలో ఉండేది. ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు పెట్టడం, ఎండన పడి వచ్చిన గుర్రానికి చెమట ఆరేదాకా నడిపించడం, డెక్క ఎత్తి చూసి రాయి తీయడం, కడుపు శూల వస్తే పడుకొని పొర్లకుండా కాచుకోవడం, ఇవన్నీ తండ్రి నుండి కొడుకు నేర్చుకున్న విద్యలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న మన సామెతను వెక్కిరింతకే వాడుతున్నాము గాని, అందులో సాయిసు బాధ్యత కూడా ఉన్నది. నోరులేని జీవం పని చేసినా చేయకపోయినా దాని కడుపు నింపవలసినదే.

ఓడ దిగిన మనవారు

1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. ఆనాటి నుండి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నటాలుకు వచ్చినవారు సుమారు 1,52,000 మంది. వారిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారు చాలామంది ఉన్నారు. చెరకు తోటలలో, రైలు మార్గాలలో, బొగ్గు గనులలో పనిచేసినవారి సంగతి మనం తరచుగా చెప్పుకుంటాము. అంతగా చెప్పుకోనివారు మరికొందరున్నారు. దొరల ఇండ్లలో సాయిసులుగా, తోటలలో కంచరగాడిదల బండ్లు తోలేవారుగా కుదిరినవారు. ఒప్పందం తీరిన తరువాత ఎందరో డర్బన్ చుట్టుపట్ల కూరగాయలు పండించి, తెల్లవారకముందే బండ్ల మీద బజారుకు చేర్చి బ్రతికారు. 1910లో వార్విక్ ఎవెన్యూలో వెలసిన తెల్లవారుజాము బజారు వారి కష్టానికి గుర్తు.

ఆ ఓడల జాబితాలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం వ్రాసి ఉంటుంది. అతడు ఏ గుర్రాన్ని కాచాడో, ఎన్ని గుర్రపు పిల్లలను బ్రతికించాడో ఎక్కడా ఉండదు. కాని ఆ మనిషి అడుగుపెట్టిన దేశం గుర్రానికి ఎటువంటి దేశమో తెలుసుకుంటే, అతని పని ఎంత కష్టమో ఊహించవచ్చును.

రాత్రి గాలిలో చావు

ఆఫ్రికా ఖండంలో సహారాకు దక్షిణాన గుర్రానికి ఒక పగవాడున్నాడు. ఆ రోగాన్ని ఇక్కడ హార్స్ సిక్‌నెస్ అంటారు. గుర్రపు జబ్బు అనే తప్ప వేరే పేరు కూడా పెట్టలేదు, అంతగా భయపెట్టినదన్నమాట. 1327లో యెమెన్‌లో ఇటువంటి రోగం కనిపించినట్లు ఒక అరబ్బీ గ్రంథంలో ఉన్నది. 1569లో మోంక్లారో అనే క్రైస్తవ ఫాదిరీ, తూర్పు ఆఫ్రికాలో భారతదేశం నుండి తెచ్చిన గుర్రాలు ఈ విధంగా చనిపోయిన సంగతి వ్రాశాడు. మనుషుల కంటే చాలా ముందుగానే మన దేశపు గుర్రాలు ఈ నేల మీద కష్టపడ్డవి.

ఇక్కడి చారల గుర్రానికి, అనగా జీబ్రాకు, ఈ రోగం సోకినా ఏమీ కాదు. బయటినుండి వచ్చిన గుర్రానికే ప్రాణాంతకం. కేప్ ప్రాంతానికి 1650ల దశకంలో డచ్చివారు జావా నుండి గుర్రాలు తెచ్చారు. 1719లో వచ్చిన పెద్ద తెగులులో 1,700 గుర్రాలదాకా చచ్చిపోయినవి. 1854-55లో వచ్చినది మరీ ఘోరం. కేప్ కాలనీలో దాదాపు 70,000 గుర్రాలు పోయినవి. అంటే నూటికి నలభైకి పైగా.

ఈ రోగంలో ముఖ్యంగా రెండు రకాలున్నవి. ఒకటి ఊపిరితిత్తులకు పట్టేది. డచ్చి రైతులు దీనిని డంకోప్ అన్నారు, పలుచని తల అని అర్థం. సాయంత్రం దాకా మేత మేసిన గుర్రం తెల్లవారేసరికి ముక్కుల వెంట తెల్లని నురుగు కక్కుకొని పడిపోతుంది. తన ఊపిరితిత్తులలో నిండిన నీటిలో తానే మునిగి చచ్చినట్లవుతుంది. ఈ రకం వస్తే నూటికి ఐదారు గుర్రాలు మిగిలితే గొప్ప. రెండవది గుండెకు పట్టేది. కళ్ళ పైన గుంటలు ఉబ్బి, తల, మెడ వాచిపోతవి. దీని పేరు డిక్కోప్, అంటే లావు తల. ఇందులో సగం గుర్రాలు చస్తవి. కంచరగాడిదలు కొంత తట్టుకుంటవి, గాడిదలు ఇంకా తట్టుకుంటవి. సరుకు బండ్లకు గుర్రాలకు బదులు కంచరగాడిదలను, ఎద్దులను కట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒకసారి జబ్బుపడి బ్రతికిన గుర్రాన్ని ఉప్పువేసిన గుర్రం అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. దాని వెల మామూలు గుర్రానికి ఎన్నో రెట్లు. లోపలి అడవులకు వేటకు, వర్తకానికి వెళ్ళేవారు అటువంటి గుర్రాన్నే వెతికి కొనేవారు. అమ్మేవాడు కాగితం మీద పూచీ వ్రాసి ఇచ్చేవాడు. పూచీలలో మోసాలు కూడా ఉండేవని వేరే చెప్పనక్కరలేదు.

రోగానికి కారణం తెలియని ఆ రోజులలో గుర్రాలు కాచేవారు ఒక విషయం మాత్రం కనిపెట్టారు. వానలు బాగా పడిన ఏడు వేసవి చివర, అంటే ఇక్కడి లెక్కలో ఫిబ్రవరి నుండి మే దాకా, రోగం విజృంభిస్తుంది. తొలి గడ్డమంచు పడగానే ఆగిపోతుంది. పల్లపు నేలలలో హెచ్చు, కొండల మీద తక్కువ. రాత్రి బయట మేసిన గుర్రం చస్తుంది, లాయంలో కట్టినది చాలావరకు బ్రతుకుతుంది. అందుచేత పొద్దు గూకకముందే గుర్రాలను లోపలికి తోలి, పొద్దెక్కి మంచు ఆరిన తరువాతనే బయటికి విడిచేవారు. కొందరు పొగ వేసేవారు. గడ్డి మీద మంచుబిందువులలో విషం ఉన్నదని వారి నమ్మకం. కారణం తప్పు, ఆచరణ ఒప్పు.

కొండదేశమైన బసూటోలాండ్‌లో, అనగా నేటి లెసోతోలో, మోషోయిషో రాజు కాలం నుండి గుర్రం ఇంటింటి జంతువైంది. 1820ల, 1830ల దశకాలలో కేప్ నుండి చేరిన గుర్రాలే ఆ చలి కొండలలో బలిసి, పొట్టిగా గట్టిగా ఉండే బసోతో జాతిగా స్థిరపడినవి. వాటికి రాళ్ళ దారులే బడి. చలి ఒక విధంగా వాటికి కాపలా కూడా అయినది.

యుద్ధం నేర్పిన పాఠం

1899 అక్టోబరులో బ్రిటిషువారికి, బోయర్లకు యుద్ధం మొదలైంది. 1902 మే నెలలో ముగిసింది. ఆ రెండున్నర ఏండ్లలో బ్రిటిషు సేన సుమారు 5 లక్షల గుర్రాలను వాడుకొన్నది. వాటిలో 3 లక్షలకు పైగా చచ్చిపోయినవి. తుపాకి గుండ్లకు పోయినవి తక్కువ. ఆకలికి, అలసటకు, రోగానికి పోయినవే ఎక్కువ. అర్జెంటీనా, అమెరికా, ఆస్ట్రేలియా, హంగరీ, భారతదేశం నుండి వారాల తరబడి ఓడలో నిలబడి వచ్చిన గుర్రాలను దించిన కొద్ది రోజులకే జీను వేసి యుద్ధానికి తోలారు. తెరపి ఇవ్వలేదు. కొత్త నీరు, కొత్త మేత అలవాటు కానివ్వలేదు. ఎక్కేవారిలో చాలామందికి గుర్రం సంగతి తెలియదు. మార్కోపోలో పాండ్య తీరంలో చూసినదే ఆరు వందల ఏండ్ల తరువాత, అన్ని శాస్త్రాలూ తెలిసిన సామ్రాజ్యం చేతులలో ఇక్కడ జరిగింది. గుర్రాన్ని కొనడానికి డబ్బు చాలును. నిలుపుకోవడానికి మనిషి కావాలి.

నేడు గెబేర్హా అని పేరు మారిన పోర్ట్ ఎలిజబెత్ ఆ గుర్రాలు దిగిన ముఖ్యమైన రేవులలో ఒకటి. 1905లో అక్కడ గుర్రాలకే ఒక స్మారకం నిలిపారు. ఒక సైనికుడు మోకాలు వంచి దప్పిగొన్న గుర్రానికి బకెట్టుతో నీళ్ళు అందిస్తున్నట్లు ఆ కంచు విగ్రహం.

మనవారు చూడవలసిన స్మారకం జోహన్నెస్‌బర్గులో ఉన్నది. అబ్జర్వేటరీ గుట్ట మీద ఉన్న ఆ రాతి స్తంభం, ఈ యుద్ధంలో మరణించిన భారతసేన వారిని స్మరిస్తుంది. దాని మీద అధికారులు, సిపాయిలతోపాటు పశువైద్య సహాయకులు, నాల్‌బందులు, సేవకులు అని కూడా చెక్కి ఉన్నది. నాల్‌బందు అంటే లాడాలు కొట్టేవాడు. మన జిల్లాలలో గుర్రపు లాయాల దగ్గర, జట్కాల అడ్డాల దగ్గర వినిపించిన మాటే. యుద్ధ స్మారకం మీద లాడాలు కొట్టేవాని వృత్తి చెక్కడం అరుదైన విషయం. అదే యుద్ధంలో గాంధీగారి పూనికతో నటాలు భారతీయులు సుమారు 1,100 మంది అంబులెన్సు దళంగా ఏర్పడి, బండ్లు పోలేని చోట్ల గాయపడినవారిని భుజాల మీద మోసిన సంగతి మనకు తెలిసినదే. వారిలో ఎక్కువమంది ఒప్పంద కూలీలే.

ఒక చేయి లేని వైద్యుడు

ఈ రోగాన్ని లొంగదీసిన కథలో ప్రధాన పురుషుడు ఆర్నాల్డ్ థైలర్. స్విట్జర్లాండు నుండి 1891లో ట్రాన్స్‌వాల్ చేరిన యువ పశువైద్యుడు. వచ్చిన కొత్తలో జీవనం కోసం ఒక వ్యవసాయక్షేత్రంలో పనిచేస్తుండగా గడ్డి కత్తిరించే యంత్రంలో పడి ఆయన ఎడమ చేయి పోయింది. చేయి లేని పశువైద్యుణ్ణి ఎవరు పిలుస్తారు? అయినా ఆయన వెనుదిరగలేదు. గనుల ప్రాంతంలో మశూచి వచ్చినప్పుడు టీకా మందు తయారు చేసి ఇచ్చి పేరు తెచ్చుకొన్నాడు. 1896లో పశువుల మహామారి వచ్చినప్పుడు పోరాడినవారిలో ఆయన ఒకడు. 1908లో ప్రిటోరియా దగ్గర ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్య పరిశోధనశాల ఆయన ఆధ్వర్యంలో నెలకొన్నది. అక్కడ ఆయన గుర్రపు జబ్బు మీద విడువకుండా పనిచేశాడు.

నటాలు వంతు కూడా ఇందులో ఉన్నది. పీటర్‌మారిట్జ్‌బర్గు దగ్గర అలర్టన్ పరిశోధనశాలలో వాట్కిన్స్ పిచ్‌ఫోర్డ్ 1900ల తొలి ఏండ్లలో, దోమలు చొరకుండా కాపాడిన గుర్రాలకు జబ్బు రాదని చూపించాడు. 1900లోనే మెక్‌ఫేడియన్ అనే ఆయన ఈ రోగబీజం సూక్ష్మమైన వడపోతలో నుండి కూడా జారిపోతుందని, అనగా వైరస్ అని, తేల్చాడు. చివరకు 1944లో డ్యూటాయిట్, కంటికి కనిపించీ కనిపించని క్యూలికాయిడ్స్ అనే చిన్న ఈగ రాత్రిపూట కుట్టి రోగాన్ని అంటిస్తుందని నిరూపించాడు. మంచు నీటిలో విషం లేదు. మంచు పడే వేళకు ఆ ఈగ లేస్తుంది. పేరులేని గుర్రపువాడు పొద్దు గూకకముందే లాయం తలుపు మూయడంలో ఉన్న సత్యం అప్పటికి శాస్త్రానికి అందింది.

టీకా కథలో ఒక కుటుంబ ముచ్చట ఉన్నది. థైలర్ కుమారుడు మాక్స్ థైలర్ ప్రిటోరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. మనుషులకు వచ్చే పచ్చజ్వరపు వైరసును ఎలుకల మెదడులో పెంచవచ్చునని కనిపెట్టి, ఆ జ్వరానికి టీకా సాధించి 1951లో నోబెల్ బహుమానం పొందాడు. ఎలుక మెదడు పద్ధతినే 1930ల దశకంలో ఆండర్‌స్టెపూర్ట్‌లో అలెగ్జాండర్ గుర్రపు జబ్బుకు వర్తింపజేసి, వైరసు తీవ్రత తగ్గించి, టీకా తయారు చేశాడు. ఈ వైరసులో తొమ్మిది రకాలున్నందున ఒక్క మందుతో తీరదు. ఒకటికి రెండు సీసాలు, మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉంచి ప్రతి యేడూ వేయించాలి. జబ్బు వచ్చిన తరువాత నేటికీ మందు లేదు.

ఈ రోగం మన మాతృదేశం దాకా కూడా వెళ్ళింది. 1959లో ఇరాన్ చుట్టుపట్ల కనిపించి, 1960లో పాకిస్తాన్ దాటి భారతదేశంలో ప్రవేశించింది. పశ్చిమాసియాలోను, మన ఉపఖండంలోను కలిపి 3 లక్షలకు పైగా గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు చనిపోయినవి. జట్కా తోలేవానికి గుర్రం పోవడమంటే ఇల్లు గడవకపోవడమే. 2020లో థాయిలాండులో కనిపించి వందల గుర్రాలను తీసుకొన్నది, మలేషియాలోనూ అడుగుపెట్టింది. అక్కడి మన తెలుగు సోదరులకు ఈ పేరు ఇప్పుడు కొత్త కాదు.

గోడిగ, పిల్ల

ఆడగుర్రాన్ని మన పాత తెలుగులో గోడిగ అన్నారు. దాని చూలు మనిషి చూలు కంటే దీర్ఘం, సుమారు పదకొండు నెలలు. ఈనడం ఎక్కువగా రాత్రివేళ, అందరూ మాటుమణిగిన తరువాత. పిల్ల గంట, రెండు గంటలలో లేచి నిలబడాలి, వెంటనే పాలు వెతుక్కోవాలి. మాయ మూడు గంటలలోపల పడాలి. పడకపోతే వైద్యునికి కబురు చేయాలి. లేకపోతే తల్లికి జ్వరం, డెక్కల వాపు, ప్రాణాపాయం. పాత సాయిసులు మాయను నేలమీద పరచి ఎక్కడైనా ముక్క లోపల మిగిలిందా అని చూసేవారు. నేటి పశువైద్యులు కూడా అదే చేయమంటారు.

అన్నింటికంటె ముఖ్యం జున్నుపాలు. గుర్రపు పిల్ల పుట్టేటప్పుడు దాని రక్తంలో రోగనిరోధక శక్తి లేనట్లే. తల్లి మొదటి పాలలో నుండి, అదీ మొదటి కొద్ది గంటలలోనే, దానికి ఆ శక్తి రావాలి. ఒక రోజు గడిస్తే పేగులు దానిని తీసుకోవు. ఈ దేశంలో తల్లికి గుర్రపు జబ్బు టీకా సక్రమంగా వేసి ఉంటే, జున్నుపాలతో పిల్లకు కొన్ని నెలలదాకా కాపు దొరుకుతుంది. ఆరవ నెల వచ్చిన తరువాత పిల్లకు దాని టీకా మొదలుపెట్టాలి. చూలు తొలి నెలలలో తల్లికి ఈ టీకా వేయరాదు. జూన్ నుండి అక్టోబరు వరకు, ఈగలు లేని చలికాలంలోను అది పోయిన వెంటనేను వేయడం ఇక్కడి నియమం. చూలు నెలలను, టీకా నెలలను లెక్క కట్టి కుదుర్చుకోవడం గోడిగను పెంచేవారికి తప్పని పని.

మరొక రోగం పిడుదులతో వచ్చేది. ఇక్కడ బిలియరీ అంటారు. జ్వరం వచ్చి, చిగుళ్ళు పాలిపోయి పచ్చబడతవి. దీనికి మందు ఉన్నది గాని వేళకు కనిపెట్టాలి. ప్రతి సాయంత్రం ఒళ్ళంతా చేత్తో తడిమి, చెవులలో, తోక కింద, కాళ్ళ సందులలో పిడుదులు ఏరడం, చిగుళ్ళ రంగు చూడడం, తొట్టిలో నీళ్ళు ఎంత తరిగినవో, పేడ ఎట్లా పడిందో గమనించడం సొంతదారు నిత్యకృత్యం. గుర్రం నోటితో చెప్పదు, ఒంటితో చెబుతుంది. ఆ భాష చదవడమే అశ్వహృదయం కాబోలు.

కేప్‌టౌన్ పేదవాడలలో నేటికీ పాత ఇనుము ఏరి బండ్ల మీద అమ్ముకొని బ్రతికేవారున్నారు. వారి బండి గుర్రాల కోసం 1995లో కార్ట్ హార్స్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఏర్పడి వైద్యం, లాడాలు, శిక్షణ ఇస్తున్నది. గుర్రాన్ని కాపాడాలంటే దాని యజమానిని తిట్టి ప్రయోజనం లేదు, అతనికి నేర్పి తోడుండాలి అని ఆ పని చూస్తే తెలుస్తుంది.

నడవలేనివారికి నాలుగు కాళ్ళు

ఇక చివరి అధ్యాయం అన్నింటికంటె ఆనందకరమైనది. 1944లో డెన్మార్కు దేశపు లిస్ హార్టెల్ అనే యువతికి, కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. మోకాళ్ళ కిందుగా కాళ్ళు పనిచేయలేదు. మరల గుర్రం ఎక్కడం కల్ల అన్నారు. ఆమె ఎక్కింది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు, పురుషులకు కలిపి జరిగిన డ్రెస్సేజ్ పోటీలో జూబిలీ అనే గోడిగ మీద రజత పతకం గెలిచింది. గుర్రం ఎక్కించడానికి, దించడానికి ఇంకొకరు కావాలి. ఎక్కిన తరువాత మాత్రం ఎవరికీ తీసిపోదు. 1956లో కూడా రజతమే గెలిచింది.

ఆమెను చూసి ఎన్నో దేశాలలో వికలాంగులకు స్వారీ నేర్పే సంస్థలు పుట్టినవి. 1969లో బ్రిటన్‌లోను, అమెరికాలోను జాతీయ సంఘాలు ఏర్పడినవి. మన దక్షిణాఫ్రికాలో సార్డా అనే సంఘం 1973లో కేప్‌టౌన్‌లో మొదలైంది. డర్బన్ వంటి ఇతర చోట్ల కూడా ఆ పని సాగుతున్నది. 1996 అట్లాంటా పారాలింపిక్ క్రీడలనుండి స్వారీకి అక్కడ స్థానం ఉన్నది. మోటారు ప్రమాదంలో కుడి చేయి చచ్చుబడిన ఫిలిప్పా జాన్సన్ 2008 బీజింగ్ పారాలింపిక్ క్రీడలలో ఈ దేశానికి స్వర్ణం తెచ్చింది.

ఇందులో గారడీ ఏమీ లేదు. గుర్రం నడిచేటప్పుడు దాని వెన్ను కదిలే తీరు, మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరు దాదాపు ఒక్కటే. నడవలేని పిల్లవాడు గుర్రం మీద కూర్చుంటే అతని నడుము నడక నేర్చుకుంటుంది. గుర్రపు ఒంటి వేడికి బిగుసుకున్న కండరాలు సడలుతవి. నిటారుగా కూర్చోవడానికి పొట్ట, వెన్ను పనిచేయాలి. అన్నిటికీ మించి, ఎప్పుడూ చక్రాల కుర్చీలో నుండి పైకి చూసే బిడ్డ ఆ అరగంట సేపు అందరినీ పైనుండి చూస్తాడు.

అట్లాంటి పనికి ఉరుకులు పరుగుల గుర్రం పనికిరాదు. నెమ్మదైనది, వయస్సు వచ్చినది, చప్పుడుకు బెదరనిది కావాలి. ఒకరు ముందు పగ్గం పట్టుకుంటారు, ఇద్దరు చెరొక పక్క నడుస్తారు. ఎక్కడానికి ఏటవాలు బల్ల ఉంటుంది. అంటే ఒక బిడ్డ స్వారీ చేయాలంటే ముగ్గురు మనుషులు కాలినడకన నడవాలి. వారు జీతగాండ్రు కారు, చాలావరకు స్వచ్ఛందంగా వచ్చినవారే.

మన కర్తవ్యం

వర్ణవివక్ష కాలంలో ఈ దేశంలో గుర్రం ఎక్కడం ఒక వర్గం వినోదం, గుర్రాన్ని కాయడం మిగిలినవారి పని. మన పిల్లలకు లాయం వెనుక తలుపే తెలిసింది గాని మైదానం గేటు తెలియలేదు. ఆ రోజులు పోయినవి. నేడు మన కుటుంబాలలో వికలాంగుడైన బిడ్డ ఉంటే ఇంట్లో దాచిపెట్టకుండా, వైద్యుని సలహాతో ఇటువంటి చోటికి తీసుకొని వెళ్ళవచ్చును. బిడ్డలు ఆరోగ్యంగా ఉన్నవారు శనివారం ఒక పూట వెళ్ళి గుర్రం పక్కన నడవవచ్చును. ఆ పని మన తాతల పనే. తేడా ఒక్కటే, వారు ఒప్పందానికి కట్టుబడి చేశారు, మనం ఇష్టపడి చేయగలము.

ఇంకొక మనవి. మన ఇండ్లలో ఇంకా జీవించి ఉన్న పెద్దలను అడగండి. వారి తండ్రో తాతో బండి తోలినవాడా, సాయిసా, లాడాలు కొట్టినవాడా? ఆ గుర్రం పేరేమిటి? అది జబ్బుపడితే ఏమి చేశారు? కళ్ళెం, పగ్గం, జీను, రికాబు, దాణా, మాలీసు అనే మాటలలో వారు ఏవి వాడారు? విన్నది విన్నట్లు తేదీలతో వ్రాసి, పాత ఫోటోలుంటే వెనుక పేర్లు వ్రాసి సంఘానికి అందజేయండి. ఓడల జాబితాలు గ్రామం పేరు చెప్పి ఊరుకున్నవి. ఆ తరువాతి కథ మన పెద్దల జ్ఞాపకంలోనే ఉన్నది. ఒక తరం దాటితే అదీ ఉండదు.